కర్ణభేరి బాగానే ఉంటే వినికిడి ఎక్కడ తగ్గినట్టు?

కర్ణభేరికి చిల్లు లేదు, చీము లేదు, అయినా డాక్టరు "నరాల చెవుడు" అన్నారు, అసలు శబ్దం నరంలోకి ఎలా వెళ్తుంది అని మీరు అడిగారు. పదకొండేళ్లు జనరేటర్ల పక్కన పనిచేశాక నాకూ ఇదే మాట చెప్పారు. నా ఆడియోగ్రామ్‌లో, అంటే ఎంత కీచు శబ్దం ఎంత బాగా వినిపిస్తుందో చూపే గ్రాఫ్‌లో, గీత 2000 హెర్ట్జ్ దాకా బాగానే ఉండి, 4000 దగ్గర ఒక్కసారిగా కిందికి దిగింది. చెవి వెనక ఎముక మీద పరికరం ఆనించి చేసిన పరీక్షలోనూ అదే పల్లం. శబ్దం కర్ణభేరితో పని లేకుండా లోపలికి చేరినా వినపడలేదంటే, లోపం లోపలి చెవిలోనే అన్నమాట.

అక్కడ నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా ఉంటుంది. చుట్లు విప్పితే సుమారు 35 మిల్లీమీటర్లు. శబ్దం వల్ల అందులోని ద్రవం కదిలి, మధ్యలోని పొర ఊగుతుంది. కీచు శబ్దాలకు మొదట్లో, బొంగురు శబ్దాలకు చివర్లో ఎక్కువగా ఊగుతుంది. ఆ పొర మీదే హెయిర్ సెల్స్ వరుసగా ఉంటాయి. ఒక్కో కణం తల మీద మెట్లలా పేర్చినట్టు సన్నటి కేశాలు. పొట్టి కేశం కొసను పక్కనున్న పొడుగు కేశానికి దారంలాంటి ప్రోటీన్ కలుపుతుంది. కేశాలు పొడుగువాటి వైపు ఒరిగితే దారం బిగిసి, కణంలోకి ద్వారం తెరుచుకుంటుంది. లాగితే తెరుచుకునే తలుపు, అంతే! మధ్యలో రసాయన చర్య కోసం ఆగే పని లేదు కాబట్టే అంత వేగం. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇదే.

నరకణాల్లో మామూలుగా సోడియం లోపలికొస్తే సంకేతం మొదలవుతుంది. ఇక్కడ మాత్రం ఆ ద్వారం గుండా పొటాషియం వస్తుంది, ఎందుకంటే కేశాలను తడిపే ద్రవంలో అదే ఎక్కువ. దాంతో కణంలోని విద్యుత్ స్థితి మారి, కాల్షియం లోపలికొచ్చి, అడుగు భాగం నుంచి గ్లుటమేట్ అనే రసాయనం విడుదలవుతుంది. అది తగిలిన శ్రవణ నాడి తంతువు మెదడుకు సంకేతం పంపుతుంది.

ఒక్కో చెవిలో ఈ పని చేసే లోపలి వరుస కణాలు దాదాపు 3500. బయటి వరుసల్లోని 12000 కణాలు సాగుతూ కుంచించుకుంటూ మెల్లని శబ్దాలను పెంచుతాయి. పెద్ద శబ్దాలకు ముందు దెబ్బతినేవి ఎక్కువగా ఇవే, మనుషుల్లో మళ్లీ పుట్టవు. అందుకే "నరాల చెవుడు" అన్న పేరు నాకు నచ్చదు. చాలామందిలో ముందు పోయేది నరం కాదు, ఈ కణాలు.

నా హియరింగ్ ఎయిడ్ మెల్లని శబ్దాన్ని పెంచుతుంది. 'స', 'ఫ' ఇప్పుడు అందుతున్నాయి, కానీ నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇంకా కష్టమే. మీకు వినికిడి ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా తగ్గి ఉంటే మాత్రం ఇవాళే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. ఆ రకానికి మందులు తొందరగా మొదలుపెట్టాలి.