విత్తనం కన్నా ముందు పాత గడ్డి సంగతి చూడు

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు పార్కు పక్క లాన్ తీసేసి ఇక్కడి మైదానపు గడ్డి వేయడానికి ఒప్పుకున్నారని విని ఎంత సంతోషమేసిందో! డెన్వర్ చుట్టుపక్కల ఏడాదికి పడే వాన, మంచు కరిగిన నీళ్లతో కలిపి, 15 అంగుళాలకు అటూ ఇటూ. మీ లాన్‌లో ఉండే కెంటకీ బ్లూగ్రాస్ గడ్డి పచ్చగా నిలవాలంటే దాదాపు రెట్టింపు కావాలి. పేరుకే కెంటకీది, వచ్చింది యూరప్ నుంచి. హెచ్‌ఓఏ ఉమ్మడి స్థలాల్లాంటి వాటిలో, ఎవరూ ఆడని, నడవని చోట కొత్తగా అలాంటి లాన్ వేయకూడదని 2026 జనవరి 1 నుంచి కొలరాడోలో చట్టమే ఉంది. ఉన్నది తీయమని మాత్రం అనలేదు. మీరు ఇష్టపడి తీస్తున్నారు, అందుకే నాకీ ఆనందం.

తొందర మాత్రం పడకమ్మా. మా దగ్గర పాత గడ్డి చావడానికి ఒక్కసారి కలుపు మందు కొట్టి విత్తనం చల్లేశాం. జూలైకల్లా పాత గడ్డి మళ్లీ లేచింది, డబ్బంతా మట్టిపాలు. గడ్డి పచ్చగా పెరుగుతున్నప్పుడే మందు వేళ్లదాకా దిగుతుంది. కాబట్టి నీళ్లు పెట్టి, కొట్టి, ఆగి, మళ్లీ నీళ్లు పెట్టు. మొలిచినదాన్ని మళ్లీ కొట్టు. బైండ్‌వీడ్ అనే కలుపు తీగ ఉంటే ఒక సీజన్ మొత్తం దానికే పోయినా పోనీ.

మీరు వేయబోయే మైదానపు గడ్డి రకాలు, బఫెలో గ్రాస్, బ్లూ గ్రామా, వేడి నేలలోనే మొలుస్తాయి. మే సగం దాటాక చల్లాలి. మొదటి రెండు మూడు వారాలు పైమట్టి ఆరకూడదు. "నీళ్లు ఆదా అన్నారు, రోజూ పెడుతున్నారేంటి?" అని అడుగుతారు. ఆదా కనిపించేది వేళ్లు దిగాకేనని మీటింగ్‌లో ముందే చెప్పు. ఒకచోట గునపంతో పెళ్లగించి చూపించు: బ్లూగ్రాస్ వేళ్లు చాపలా అల్లుకుని బెత్తెడు లోతులోనే ఉంటాయి. గ్రామా వేళ్లు నాలుగైదు అడుగులు పోతాయి. ఎరువు వేయొద్దు, అది కలుపుకే బలం. కలుపు గింజ కట్టకముందే మిషన్ ఎత్తు పెంచి కోయించు.

చెట్ల సంగతి మరిచిపోకు. ఇన్నాళ్లూ అవి లాన్ నీళ్లే తాగాయి. మేం స్ప్రింక్లర్లు కట్టేశాక రెండు మేపుల్స్ కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చి చచ్చిపోయాయి. ఆ బాధ నాకింకా పోలేదు. ముందు చెట్లకు డ్రిప్ వేయించు, ఆ తర్వాతే స్ప్రింక్లర్ ఆపు.

అక్టోబరు నుంచి మే దాకా ఈ కొత్త గడ్డి ఎండుగడ్డి రంగులో ఉంటుంది. చచ్చిందనుకుంటారు. బాట పక్కన రెండడుగుల మేర నున్నగా కోయిస్తే ఎవరో చూసుకుంటున్నారని తెలుస్తుంది. పిల్లలు క్రికెట్ ఆడే చోట లాన్ అలాగే ఉంచు, వాళ్లకు కావాలి.

గ్రామా విత్తనం పొట్టులా తేలిక, గాలికి కొట్టుకుపోయి ఒకేచోట పోగవుతుంది. మీ తాత నువ్వులు ఇసుకలో కలిపి చల్లేవాడు, మనమూ అలాగే చల్లుదాం. మే చివర్లో వస్తాను. ఇసుక పొడిగా ఉండేది చూసి తెప్పించి పెట్టు.

మీ పెదనాన్న