కెంట్‌లో ఫైర్‌ఫైటర్ ఉద్యోగం: దరఖాస్తు ఎవరికి?

ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, టెంటర్‌డెన్ అనే ఊళ్లో ఉంటూ, ఉన్న ఉద్యోగం మానకుండా ఫైర్‌ఫైటర్‌గా చేరాలంటే కౌన్సిల్‌కి రాయాలా, పోలీసులకా అని అడిగారు కదండీ. రెండూ కాదు. నేరుగా కెంట్ ఫైర్ అండ్ రెస్క్యూ సర్వీస్‌కే పెట్టండి. ఆ సర్వీస్‌ని పర్యవేక్షించే ఫైర్ అథారిటీలో కెంట్ కౌంటీ, పక్కనున్న మెడ్‌వే కౌన్సిళ్ల సభ్యులు ఉంటారు. బడ్జెట్ వాళ్లది, రోజువారీ నిర్వహణ అధికారులది. పొరుగున ఎసెక్స్‌లో 2017 నుంచి పోలీసు, ఫైర్ రెండూ ఒకే ఎన్నికైన కమిషనర్ కిందికి వచ్చాయి, మీ గందరగోళం బహుశా అక్కడిదే.

మీకు కుదిరేది ఆన్-కాల్ పద్ధతి, అంటే పిలుపు వచ్చినప్పుడే డ్యూటీకి వెళ్లడం. చిన్న ఊళ్లలో స్టేషన్లు నడిచేదే ఇలాంటి ఫైర్‌ఫైటర్లతో. పిలుపు రాగానే సుమారు 5 నిమిషాల్లో స్టేషన్‌లో ఉండాలి, అందుకే ఇల్లో ఆఫీసో దగ్గర్లో ఉండటం ముఖ్యం. పగలు పని మధ్యలో వదిలి వెళ్లనిస్తారో లేదో మీ మేనేజర్‌ని ముందే అడగండి, చాలామందికి చిక్కు అక్కడే.