మా వీధి పేరు హరిజనవాడ, మార్పించుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది ఏపీలో చిన్న మున్సిపాలిటీ. ఆధార్‌లో, ఇంటి పన్ను రసీదులో మా వీధి హరిజనవాడ అనే ఉంది, మావాడు ఇంటర్వ్యూకి వెళ్తే అడ్రస్ చూసి అదోలా నవ్వారంట. మున్సిపాలిటీ మీద అట్రాసిటీ కేసు పెట్టొచ్చా? పేరు మారిస్తే ఇంటి కాగితాలు చెల్లవని పక్కింటాయన భయపెడుతున్నాడు.

జవాబు: మీ బాధ అర్థమైంది కానీ ఆ కేసు నిలబడదండి. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో (అట్రాసిటీ కేసు పెట్టేది దీని కిందే) సెక్షన్ 3(1)(ఆర్), (ఎస్) ఏమంటాయంటే ఒక మనిషి నలుగురికీ కనబడేలా కావాలని కించపరచాలి, లేదా కులం పేరుతో తిట్టాలి, బోర్డు మీద ఎప్పట్నుంచో ఉన్న పేరుకి ఆ ఉద్దేశం ఎవరిదని చూపిస్తారు? దానికోసం తిరిగే టైమ్ పేరు మార్పించడానికి పెట్టండి.

కుల ధ్రువపత్రాల్లో హరిజన్ అని రాయొద్దని కేంద్ర హోంశాఖ 1982లోనే చెప్పింది, మీ అర్జీలో మొదటి మాట అదే ఉండాలి. మహారాష్ట్ర 2020 డిసెంబర్‌లో కులాల పేర్లున్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది, తమిళనాడు 2025 అక్టోబర్‌లో వీధులకి ఉత్తర్వు ఇచ్చింది, కేరళ అయితే 2024లో కాలనీ అనే మాటే వద్దంది (మనకి ఎస్సీ కాలనీ అంటే ఏంటో వేరే చెప్పాలా!). ఇవేవీ మన మున్సిపాలిటీని కట్టిపడేయవు, కానీ ఉదాహరణగా రాయండి.

వీధిలో వాళ్లందరి సంతకాలతో కమిషనర్‌కి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, మీ కౌన్సిలర్‌ని పట్టుకుని కౌన్సిల్ ఎజెండాలో పెట్టించండి, తీర్మానం అయితేనే పని మొదలైనట్టు. కొత్త పేరు మాత్రం ముందే అందరూ కూర్చుని అనుకోండి. 2022లో కోనసీమకి అంబేడ్కర్ పేరు కలుపుతూ అభ్యంతరాలకి 30 రోజులు ఇస్తే, ఆ గడువు అవ్వకుండానే మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, పేరంటే జనానికి అంత పట్టింపు.

నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే హైకోర్టులో రిట్ (అధికారులు చేయాల్సిన పని చేసేలా ఆదేశించమని అడిగే పిటిషన్) వేయొచ్చు. ఫలానా పేరే పెట్టమని కోర్టు చెప్పడం కష్టం, అర్జీ మీద ఇన్ని వారాల్లో ఏదో ఒకటి తేల్చమని మాత్రం చెప్తుంది.

ఇంక కాగితాల సంగతి, పక్కింటాయన మాట పట్టించుకోకండి. దస్తావేజుకి ప్రాణం సర్వే నంబరు, హద్దులు, వీధి పేరు కాదు. పాత దస్తావేజు దిద్దాల్సిన పనిలేదు, ఇకమీదట రాయించే వాటిలో కొత్త పేరు పక్కన "పూర్వపు" అని పాత పేరు ఒక్కసారి వేయించి, తీర్మానం కాపీ జత చేయండి. ఆధార్ మాత్రం పన్ను రసీదు కొత్త పేరుతో వచ్చాకే అప్‌డేట్‌కి వెళ్లండి, ముందే వెళ్తే రెండుసార్లు తిరగాలి.