పిల్లుల ఇంట్లో తామర పట్టుకుంటే

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక చెన్నై పాఠకుల నుంచి పిల్లుల తామర గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: వేళచ్చేరిలో రెండు పడకగదుల అపార్టుమెంటు మాది. ఐదు పిల్లులున్నాయి. మెట్ల కింద దొరికిన రెండు నెలల పిల్లికూనను ఈమధ్యే తెచ్చుకున్నాం. కొద్ది వారాలకే దాని చెవుల మీద, ముక్కు పక్కన వెంట్రుకలు ఊడి పొలుసులు లేచాయి. ఇప్పుడు మా పర్షియన్‌కి తోక మొదట్లో, మా అమ్మాయికి ముంజేతి మీద గుండ్రటి మచ్చలు వచ్చాయి. మిగతా మూడూ చూడ్డానికి బాగానే ఉన్నాయి. అన్నిటినీ బయట వదిలెయ్యమని అత్తయ్యగారు పట్టుబడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: వదిలెయ్యకండి. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు. వదిలేస్తే ఆ పిల్లులకు వైద్యం అందదు, వీధిలో పిల్లులకూ అంటుతుంది. మీ ఇంట్లో రాలిన వెంట్రుకలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. అత్తయ్యగారి భయంలో న్యాయం లేకపోలేదు. ఆవిడకు షుగరు ఉన్నా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, జబ్బు పిల్లుల పని ఆవిడ చేత చేయించకండి.

పిల్లుల్లో తామరకు ఎక్కువగా కారణం మైక్రోస్పోరం కేనిస్ అనే ఫంగస్. అంటుకున్నాక మచ్చ పైకి కనపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అంటే బాగున్నట్టు కనిపిస్తున్న మూడింటికీ ఇప్పటికే అంటి ఉండొచ్చు. లేదా ఒంటికి అంటకుండా, కూన రాల్చిన ఫంగస్ బీజాలను బొచ్చు మీద మోస్తూ మాత్రమే ఉండొచ్చు. ఈ రెండింటికీ తేడా కంటితో తెలియదు, పరీక్షతోనే తెలుస్తుంది.

ముందు పరీక్ష సంగతి. ప్రతి పిల్లికీ ఒక కొత్త టూత్‌బ్రష్ కొనండి. బొచ్చంతా రెండు మూడు నిమిషాలు దువ్వి, మచ్చ ఉన్నచోట చివర్లో దువ్వాలి. ముందే అక్కడ దువ్వితే బీజాలను మీరే ఒళ్లంతా పులిమినట్టవుతుంది. బ్రష్‌ను దాని కవర్లోనే పెట్టి, పిల్లి పేరు రాసి డాక్టరుకివ్వండి. మందు షాంపూతో స్నానం చేయించిన మర్నాడు తీసిన నమూనా నమ్మదగ్గది కాదు. ఈ నమూనాను డీటీఎమ్ అనే, ఫంగస్‌ను పెంచే పసుపు రంగు మాధ్యమం మీద వేసి రోజూ చూస్తారు. దీన్నే కల్చర్ అంటారు. తెల్లటి బూజు మొలకెత్తుతూనే మాధ్యమం ఎర్రబడితే అనుమానం బలపడుతుంది, అప్పుడు ఆ బూజును మైక్రోస్కోపు కింద చూసి నిర్ధారిస్తారు. మామూలు బూజులు కూడా ఆలస్యంగా ఎరుపు తెస్తాయి కాబట్టి రంగొక్కటే చూసి తేల్చకూడదు. రెండు వారాల దాకా ఏమీ మొలవకపోతే నెగటివ్ అన్నట్టే. ఈ పరీక్ష ఎక్కడ చేస్తారో మీ డాక్టరుకు తెలియకపోతే వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో అడగండి.

ఫలితం వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. కూననూ పర్షియన్‌నూ ఒక గదిలో ఉంచండి. తివాచీ, పరుపు, గుడ్డ సోఫా లేని గదైతే మంచిది. మిగతా మూడు మరో చోట ఉండాలి. తిండి పెట్టడం, లిట్టర్ ట్రే శుభ్రం చెయ్యడం ముందు బాగున్నవాటికి, ఆఖర్న జబ్బువాటికి. ఆ గదిలోకి వెళ్లేటప్పుడు వేసుకోవడానికి ఒక పాత నైటీనో పొడుగు చొక్కానో తలుపు దగ్గరే తగిలించుకోండి. మచ్చల్లేని మూడింటికీ వారానికి రెండుసార్లు మందు స్నానం మొదలుపెట్టండి. వాటిలో దేనికైనా కల్చర్ పాజిటివ్ వచ్చి, ఒంటి మీద ఎక్కడా మచ్చ లేకపోతే, ఒకసారి స్నానం చేయించి, మర్నాడే కాకుండా కొంత ఆగి మళ్లీ పరీక్షకు పంపండి. ఈసారి నెగటివ్ వస్తే అది బీజాలు మోసిందే తప్ప దానికి జబ్బు లేదు.

కూన విషయంలో ఒక విన్నపం. ఆ వయసులో నెలల తరబడి ఒంటరిగా గదిలో పెడితే మనిషంటే బెదిరే పిల్లిగా పెరుగుతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని రోజూ ఆడించండి, ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఆటకు అట్టపెట్టెలివ్వండి, వారానికోసారి పారేసి కొత్తవి పెట్టొచ్చు.

ప్రశ్న: పెరంబూరు నుంచి రాస్తున్నాను. డాక్టరు ఇట్రాకొనజోల్ రాశారు. దొరికింది 100 మి.గ్రా. మనుషుల క్యాప్సూల్. విప్పి, నూరి, పెరుగులో కలిపి అంచనాగా పంచుతున్నాను. నాలుగు వారాలకు వెంట్రుకలు చక్కగా మొలిచాయని ఆపేశాను. నెల తిరక్కుండా రెండు పిల్లులకు మళ్లీ వచ్చింది. మందు పనిచెయ్యలేదా?

జవాబు: మందు మంచిదే. నూరడం ఒక పొరపాటు, ముందే ఆపడం ఇంకో పొరపాటు.

పిల్లికి ఇట్రాకొనజోల్ కిలో బరువుకు 5 మి.గ్రా., రోజుకొకసారి. మూడు కిలోల పిల్లికి 15 మి.గ్రా. అంటే ఒక క్యాప్సూల్లో దాని ఆరు రోజుల మోతాదు కన్నా ఎక్కువే ఉంది, కిలో బరువున్న కూనకైతే ఇరవై రోజులది. క్యాప్సూల్ లోపల ఉండేవి పొడి కాదు, మందు పూత పూసిన సన్నటి గింజలు. ఒంటికి పట్టేలా ఆ పూత తయారుచేస్తారు, నూరితే అది చెడుతుంది. చాలామంది డాక్టర్లు ఆ గింజలను లెక్కపెట్టి పొట్లాలు కట్టిస్తారు, అలా అడగండి. గింజలైతే తిండితోపాటు వెయ్యాలి. మి.లీ.కి 10 మి.గ్రా. ఉండే ద్రవ రూపం దొరికితే అంతకన్నా మేలు. మూడు కిలోల పిల్లికి సిరంజితో 1.5 మి.లీ. సరిపోతుంది, అది ఖాళీ కడుపున బాగా ఒంటికి పడుతుంది. మందుల షాపులో ముడిపొడితో కలిపిచ్చే మిశ్రమం మాత్రం తీసుకోవద్దు, అది ఒంటికి పట్టేది చాలా తక్కువ.

ఈ మందును వారం ఇచ్చి, వారం ఆపి, మళ్లీ వారం ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. మందు చర్మంలో, వెంట్రుకల్లో నిలవుంటుంది కాబట్టి మధ్య వారంలో కూడా పనిచేస్తూనే ఉంటుంది. కూనలను వారం వారం వంటింటి త్రాసులో తూచి మోతాదు మార్చాలి, ఆ వయసులో బరువు అంత త్వరగా పెరుగుతుంది.

ఇట్రాకొనజోల్ పడకపోతే టెర్బినఫిన్ ఉంది. కిలోకు 30 నుంచి 40 మి.గ్రా., రోజూ. మన దగ్గర దొరికే 250 మి.గ్రా. మాత్రలో సగం నాలుగు కిలోల పిల్లికి, పావు రెండు కిలోల పిల్లికి సరిపోతుంది. కీటోకొనజోల్ మాత్రలు పిల్లులకు పడవు. ఏది ఇచ్చినా చూలుతో ఉన్న పిల్లి సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, ఈ మందుల్లో కొన్ని కడుపులో కూనలకు హాని చేస్తాయి. వాంతులైనా, తిండి మానేసినా, చిగుళ్లు పసుపెక్కినా మందు ఆపి వెంటనే ఫోన్ చెయ్యండి. రెండు రోజులు తిండి మానితే పిల్లికి కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి రావచ్చు. తామర కన్నా అది చాలా పెద్ద ప్రమాదం.

ఇక ఆపడం. బొచ్చు మొలిచినా ఆ బొచ్చులో బీజాలుంటాయి. నాలుగు వారాల వైద్యం తర్వాత కల్చర్ చేయించండి. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పిల్లికి, మచ్చలన్నీ మానిపోతే, ఒక నెగటివ్ చాలు. మీలా తిరగబెట్టిన ఇంట్లో వారం ఎడంతో రెండు నెగటివ్‌లు వచ్చాకే ఆపండి. పొట్టి బొచ్చు పిల్లులకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు, పర్షియన్‌లకు అంతకన్నా ఎక్కువ.

ప్రశ్న: మా పిల్లులు నీళ్లంటే రక్కేస్తాయి. మచ్చ మీద క్రీమ్ రాస్తే చాలదా? వేపనూనె, టీ ట్రీ ఆయిల్, డెటాల్ నీళ్లు అని తలా ఒకటి చెబుతున్నారు. (కొడంబాక్కం)

జవాబు: క్రీమ్ చాలదు. కనిపించే మచ్చ చుట్టూ బాగున్నట్టున్న బొచ్చులో కూడా ఫంగస్ ఉంటుంది. లోపలికిచ్చే మందు చర్మాన్ని బాగు చేస్తుంది, కానీ ఇప్పటికే వెంట్రుకల మీదున్న బీజాలను చంపదు. అవి రాలకుండా చేసేది స్నానమే. అందుకే రెండూ కలిపి చెయ్యాలి.

2% మైకోనజోల్, 2% క్లోర్‌హెక్సిడిన్ కలిసిన పెంపుడు జంతువుల షాంపూ వాడండి. వారానికి రెండుసార్లు. గోళ్లు కత్తిరించి, బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు తీసి, మగ్గు చప్పుడు లేకుండా స్పాంజితో తడపండి. నురగ కనీసం మూడు నిమిషాలు ఒంటి మీద ఉండాలి, సీసా మీద పది నిమిషాలని ఉంటే పది. ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడే. రాసిన వెంటనే కడిగేస్తే శ్రమంతా వృథా. కూనలను వెంటనే తువ్వాలుతో తుడిచి వెచ్చగా ఉంచండి. లైమ్ సల్ఫర్ ద్రావణం దొరికితే అదీ బాగా పనిచేస్తుంది. దాన్ని కడగకుండా ఆరనివ్వాలి, ఆరేదాకా నాకకుండా మెడకు కాలర్ కట్టాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, తెల్ల బొచ్చు పసుపెక్కుతుంది, వెండి నల్లబడుతుంది. జంతువుల కోసం అమ్మేదే కొని సీసా మీద చెప్పినంత కలపండి, పొలాలకు కొట్టేది వద్దు. పొడుగు బొచ్చును మొద్దు మొనల కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే మందు లోపలిదాకా తడుస్తుంది. మిషన్‌తో గొరగొద్దు, చర్మం మీద పడే సన్నటి గీతల వెంట తామర పాకుతుంది.

టీ ట్రీ ఆయిల్ పిల్లులకు విషం. డెటాల్ కూడా అంతే. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం విరవలేదు, ఒంటి మీద పోసినది అది నాకి మింగుతుంది. వేపనూనె మీద ఆధారపడి వారాలు పోగొట్టుకోవద్దు. పురుగుల మాత్రలు ఫంగస్‌కు పనిచెయ్యవు. గజ్జి అనుకుని ఐవర్‌మెక్టిన్ వేసేవాళ్లున్నారు, చర్మం గీకి పరీక్ష చెయ్యకుండా అది వేయించకండి.

ప్రశ్న: రోజూ ఇల్లంతా ఫినాయిల్‌తో తుడుస్తున్నాను. బీజాలు ఏడాదిన్నర బతుకుతాయని చదివి నిద్ర పట్టడం లేదు. అద్దె ఇల్లు, సోఫాలు పారెయ్యాలా? (తొండియార్‌పేట)

జవాబు: ఫినాయిల్ ఆపేయండి, ఫినాల్ జాతి రసాయనాలు పిల్లులకు ఎందుకు పడవో పైన చెప్పాం. సోఫా పారెయ్యక్కర్లేదు. బీజాలు నెలల తరబడి బతకగలవు నిజమే, కానీ అవి గోడల్లో, నేలలో పెరగవు. పెరగడానికి వాటికి చర్మం, వెంట్రుక కావాలి. రాలిన వెంట్రుకలను ఎత్తెయ్యడమే అసలు పని, క్రిమినాశిని దాని తర్వాత మిగిలినదానికే.

పొడి చీపురు వెంట్రుకలను గాల్లోకి లేపుతుంది, వాక్యూమ్ వాడండి లేదా తడిగుడ్డతో ఎత్తండి. జబ్బు పిల్లుల గదిలో రోజూ, మిగతా ఇంట్లో వారానికి రెండుసార్లు. తర్వాత సబ్బునీళ్లతో కడగండి. అది ఆరాక బ్లీచ్: 5% సోడియం హైపోక్లోరైట్ అయితే లీటరు నీళ్లకు 10 మి.లీ. చాలు, మరీ అనుమానం ఉన్నచోట 30 మి.లీ. పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్లతో తుడిచి, ఆరాక పిల్లులను రానివ్వండి. ఏ రోజుకారోజు కలుపుకోండి. మట్టి, వెంట్రుకలు ఉన్నచోట బ్లీచ్ పనిచెయ్యదు, ముందు కడగమనేది అందుకే. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపొద్దు. లిట్టర్ ట్రేలో మూత్రం ఉండగా కూడా పొయ్యొద్దు. రెండు సందర్భాల్లోనూ విషవాయువు వస్తుంది.

బట్టలు, దుప్పట్లు చల్లనీళ్లతోనే మిషన్లో రెండుసార్లు ఉతికితే చాలు. డ్రమ్ము నిండా కుక్కకండి, బట్టలు దొర్లితేనే వెంట్రుకలు వదులుతాయి. గుడ్డ సోఫాను వాక్యూమ్ చేసి, ఉతికే దుప్పటి కప్పి వాడండి. ఫ్యాను రెక్కలు, ఏసీ ఫిల్టరు, పిల్లుల బుట్ట మూలలు మర్చిపోతుంటారు.

ప్రశ్న: తామరను కనిపెట్టడానికి ఆన్‌లైన్‌లో నీలికాంతి టార్చి కొన్నాను. వేస్తే పిల్లి ఒళ్లంతా మెరుస్తోంది! (అడయారు)

జవాబు: దుమ్ము, పొలుసు, పూసిన క్రీమ్ నీలంగానో తెల్లగానో మెరుస్తాయి. మైక్రోస్పోరం కేనిస్ పట్టిన వెంట్రుక కాడ మాత్రం లేత యాపిల్ పచ్చగా మెరుస్తుంది. 365 నానోమీటర్ల దగ్గర వెలిగే దీపం కావాలి. గది పూర్తిగా చీకటి చేసి, దీపం మచ్చకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర పెట్టి నెమ్మదిగా చూడండి. మెరిసే వెంట్రుక దొరికితే పీకి డాక్టరుకివ్వండి. మెరవకపోతే జబ్బు లేదని అనుకోవద్దు, అన్ని రకాల తామరా మెరవదు.

ప్రశ్న: మావారికి తొడల మధ్య తామర తగ్గడం లేదు. షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే రెండు రోజులు తగ్గి మళ్లీ పెరుగుతోంది. పిల్లులే కారణమా? (విల్లివాక్కం)

జవాబు: పిల్లి నుంచి వచ్చేది ఎక్కువగా మనం దాన్ని ఎత్తుకునే చోట కనిపిస్తుంది: ముంజేతులు, మెడ, ఛాతీ. చిన్నపిల్లలకు తలలో కూడా. తొడల మధ్య మొండిగా ఉండేది చాలావరకు మనిషి నుంచి మనిషికి అంటే రకం. దేశమంతటా వ్యాపించిన, టెర్బినఫిన్‌కు తరచూ లొంగని ఒక ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. దానికి పిల్లులను నిందించకండి. క్రీమ్ ట్యూబ్ తిప్పి చూడండి: క్లోబెటాసోల్ అనో బీటామెథసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. దురద అణుస్తుంది, ఫంగస్‌ను పెంచుతుంది, మచ్చ రూపు మార్చి డాక్టరునూ తికమక పెడుతుంది. అది ఆపి చర్మవైద్యుణ్ణి కలవండి, ఇంట్లో పిల్లులున్నాయని, వాటికి పరీక్షలో ఏమొచ్చిందో చెప్పండి. తువ్వాళ్లు వేరు చెయ్యండి. పిల్లల తలలో పొలుసులతో జుట్టు ఊడితే క్రీములూ షాంపూలూ చాలవు, నోటి మాత్రలు వారాల తరబడి కావాలి, ఆలస్యం చెయ్యొద్దు.

ప్రశ్న: మళ్లీ అన్ని పిల్లులనూ ఎప్పుడు కలపొచ్చు? కొత్త పిల్లిని తెస్తే? (వడపళని)

జవాబు: ప్రతి పిల్లికీ విడిగా నెగటివ్ వచ్చాక. కలిపే రోజు గది కడిగి, అన్నిటికీ ఒక మందు స్నానం చేయించండి. కొత్తగా వచ్చేదాన్ని వచ్చిన రోజే టూత్‌బ్రష్‌తో దువ్వి కల్చర్‌కి పంపి, ఫలితం వచ్చేదాకా వేరే గదిలో ఉంచండి. బాల్కనీలో వీధిపిల్లులకు అన్నం పెడుతుంటే వాటి గిన్నెలు, ముట్టుకున్న చేతులు విడిగా కడుక్కోండి.