పాత బెజవాడ నడకకు బయలుదేరే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెలలో విజయవాడ వస్తున్నానని, గైడు ఎవరూ లేకుండా ఫోనులో ఆడియో వింటూ వన్‌టౌన్ అంతా నడిచి చూడాలని ఉందని రాశావు. చాలా సంతోషం. ఈ వీధుల్లోనే పెరిగి, పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పి, ఊరు చూడవచ్చిన బంధువులను ఏళ్ల తరబడి వెంటబెట్టుకుని తిప్పినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని ముందే చెప్పేస్తున్నాను. ఆడియోలో వినబడే ప్రతి వాక్యమూ ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం అలవాటు చేసుకో. అది స్థలపురాణమా, రాతి మీది శాసనమా, కాగితం మీది రికార్డా, లేక ఆ నోటా ఈ నోటా వస్తున్న కథా? అన్నిటికీ విలువ ఉంది, కానీ ఒకదాని పీట మీద మరొకదాన్ని కూర్చోబెట్టకూడదు. చెప్పే గొంతు మాత్రం అన్నిటినీ ఒకే నమ్మకంతో చెప్పుకుపోతుంది కనుక తేడా పట్టుకోవలసింది వినేవాళ్లే.

ఇంటి దగ్గరే ఆడియో మొత్తం డౌన్‌లోడ్ చేసుకుని, ఒకసారి చివరిదాకా విని, మ్యాపులో ఏది ఎక్కడుందో చూసుకుని రా. నువ్వు నిలబడిన చోటును బట్టి ఆడియో దానంతట అదే మొదలయ్యే ఏర్పాటు ఉన్నా దాని మీదే ఆధారపడకు. కొండ కింది ఇరుకు సందుల్లో జీపీఎస్ తడబడుతుంది, నువ్వు ఒక వీధిలో ఉంటే పక్క వీధి కథ వినబడుతుంది. అలాంటప్పుడు దాన్ని ఆపి, నీ ఎదుట ఉన్న చోటికి చెందిన భాగాన్ని నువ్వే వెతికి పెట్టుకోవాలి. ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకో. మెయిన్ బజారులో తోపుడుబండ్లు, సరుకు దించే ఆటోలు, సందు దొరికితే దూరే స్కూటర్లు అన్నీ ఒకే దారిలో నడుస్తాయి. అందుకే ఒక పక్కగా నిలబడి విను, ఆపేసి నడువు.

కార్తీకం నుంచి మాఘం దాకా ఈ ఊళ్లో నడకకు అనువైన కాలం. ఉదయం ఆరు గంటలకల్లా బయలుదేరగలిగితే మంచిది. దసరా నవరాత్రుల్లోనూ భవానీ దీక్షల విరమణ రోజుల్లోనూ ఇంద్రకీలాద్రి చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కాబట్టి ఆ రోజులను అమ్మవారికే వదిలెయ్యి. మామూలు రోజుల్లో కూడా దర్శనాన్నీ ఈ నడకనూ ఒకే పూటకు పెట్టుకోకు. కొండ మీద గుడిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు, పైగా అమ్మవారి ఎదుట నిలబడినప్పుడు మనసు తేదీల మీద ఉండకూడదు.

మొదలు ప్రకాశం బ్యారేజీ దగ్గర పెట్టుకో. కాటన్ దొర కట్టించిన బ్యారేజీ ఇదేనని చాలామంది అంటారు, ఆడియో కూడా అనవచ్చు. కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852 నుంచి 1855 వరకు కట్టినది పాత ఆనకట్ట. అది 1952లో తెగిపోయింది. ఇప్పుడు మనం నడిచే బ్యారేజీని 1954లో మొదలుపెట్టి 1957లో పూర్తిచేసి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఈ తేడా చిన్నదేమీ కాదు. ఊరి నడిబొడ్డు నుంచి పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఏ పనిలో భాగమో, ఇక్కడ బజారు ఇంతగా ఎందుకు పెరిగిందో ఆ పాత ఆనకట్టను తలచుకుంటేనే అర్థమవుతుంది. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఇదే బ్యారేజీ మీదుగా పోయినప్పుడు ఊరు ఎలా వణికిందో నువ్వు టీవీలో చూసే ఉంటావు. ఈ నదికీ ఈ ఊరికీ ఉన్న లంకె పుస్తకాలకు మాత్రమే పరిమితమైనది కాదు.

అక్కడి నుంచి కొండ పాదాన ఉన్న అక్కన్న మాదన్న గుహలకు వెళ్లు. ఇక్కడ తొందరపడవద్దు. అక్కన్న, మాదన్న సోదరులు గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో ఉన్నవారు, 17వ శతాబ్దం వారు. గుహలను తొలిచింది మాత్రం సుమారు 6, 7 శతాబ్దాలలో. అంటే పేరుకూ రాతికీ మధ్య దాదాపు వెయ్యేళ్ల దూరం ఉంది. పేరు విని, అన్నదమ్ములే తొలిపించారనుకుని వెళ్లిపోయేవారు ఎందరో. లోపలికి అడుగుపెట్టగానే ఆడియో ఆపేసి స్తంభాల తలవైపు చూడు. స్తంభం కప్పును తాకే చోట ఎక్కడా అతుకు కనిపించదు, ఎందుకంటే ఆ స్తంభాలను తెచ్చి నిలబెట్టలేదు, చుట్టూ ఉన్న రాతిని తొలిచేసి వాటిని మిగిల్చారు. ఆ తరువాత ఫోను టార్చిని గోడ పక్కకు ఆనించినట్టుగా పట్టుకుంటే ఉలి గాట్లు నీడలతో తేలి కనబడతాయి. ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ కనబడదు. చేత్తో మాత్రం తాకకు.

ఈ కొండ కిందనే తెలుగు పద్యానికి సంబంధించిన ఒక పెద్ద సాక్ష్యం ఉంది, దాన్ని ఆడియో చెప్పకపోయినా నువ్వు గుర్తుంచుకోవాలి. చాళుక్య యుద్ధమల్లుని బెజవాడ శాసనం 10వ శతాబ్దానిది. అందులో మధ్యాక్కర అనే తెలుగు ఛందస్సులో పద్యాలున్నాయి. నన్నయగారి భారతం 11వ శతాబ్దానిది కదా, అంతకు ముందే మన ఊళ్లో రాతి మీద తెలుగు ఛందస్సు నడిచింది. నాకు ఈ ఊరి మీద ఉన్న ప్రేమలో సగం ఆ శాసనం వల్లే.

తరువాత రథం సెంటరు, బ్రాహ్మణ వీధి, పాత శివాలయం, సమరంగం చౌకు, కాళేశ్వరరావు మార్కెట్టు. ఈ వరుసలో కాస్త వెనకా ముందూ అయినా ఫరవాలేదు. మార్కెట్టుకు పేరు పెట్టిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు. ఈ వీధుల్లో చూపును ఎప్పుడూ పై అంతస్తు మీద ఉంచు. కింద షట్టర్లు, ఫ్లెక్సీలు వచ్చేసినా, కొన్ని పాత మేడల నెత్తిన సున్నంతో పోసిన సంవత్సరం అంకెలు అలాగే మిగిలి ఉంటాయి. అలాంటిది కనబడితే రాసుకో, అది ఏ ఆడియోలోనూ దొరకదు. ఇంటివాళ్లు అరుగు మీద కూర్చుని ఉంటే ఇయర్‌ఫోను తీసేసి, "బాబాయిగారూ, ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగి తరువాతే తియ్యి. అడిగినవాళ్లను మా వాళ్లు సాధారణంగా కాదనరు, కూర్చోబెట్టి ఇంటి కథ కూడా చెబుతారు. ఆ కథను వాళ్ల అనుమతితో రికార్డు చేసుకుంటే, చెప్పినవారి వయసు, చెప్పిన తేదీ కూడా తప్పకుండా దానికి జతచెయ్యి.

గాంధీ కొండ ఎక్కే ఓపిక ఉంటే ఎక్కు. దాని పాత పేరు ఓర్ కొండ. పొద్దున బ్యారేజీ దగ్గర విన్న కెప్టెన్ ఓర్ పేరే అది. కొండ మీది 52 అడుగుల గాంధీ స్తూపాన్ని 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు.

అక్కడి నుంచి ఆటోలో బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి వెళ్లు. మా చిన్నప్పుడు దాన్ని విక్టోరియా మ్యూజియం అనేవాళ్లం. నేను ముందు చెప్పిన మాట అసలు పరీక్షకు నిలబడేది ఇక్కడే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. పింగళి వెంకయ్యగారు జాతీయ జెండాను గాంధీజీకి అందించిందీ ఆ సందర్భంలోనే. చాలామంది ఆ సమావేశమే జెండాను ఆమోదించిందని చెబుతారు. గాంధీజీ స్వయంగా 1921 ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియా పత్రికలో రాసినది వేరు. జెండాపై రాట్నం ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో నమూనా ఇమ్మని తాను వెంకయ్యగారిని అడిగితే, ఆయన మూడు గంటల్లో గీసి ఇచ్చారు. అయితే అది కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది, అలా కావడమే మంచిదైంది, ఎందుకంటే తరువాత ఆలోచిస్తే మిగిలిన మతాలకు గుర్తుగా తెలుపు కూడా ఉండాలని తనకు తోచింది అని ఆయన రాశారు. ఇది తెలిసినందువల్ల వెంకయ్యగారి గౌరవం ఒక్క పిసరు కూడా తగ్గదు. మూడు గంటల్లో అంత పని చేసిన మనిషి మన కృష్ణా జిల్లావాడని ఇంకా గర్వంగా ఉంటుంది.

సాయంత్రానికి ఓపిక మిగిలితే రామమోహన గ్రంథాలయానికి వెళ్లు. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైనవారి కృషితో 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. ఆ రోజు విన్నవాటిలో అనుమానం కలిగినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళితే, పాత పత్రికలు, జిల్లా చరిత్రలు అడిగి సరిచూసుకోవచ్చు.

ఉండవల్లి గుహలను మాత్రం ఈ నడకలో కలపవద్దు. అవి నది దాటాక గుంటూరు వైపున ఉన్నాయి, నాలుగు అంతస్తులవి. లోపల శయనించిన విష్ణుమూర్తి ముందు నిలబడడానికే ఒక పూట కావాలి. మరుసటి రోజు పొద్దున్నే నేను కూడా వస్తాను, బ్యారేజీ మీదుగా ఆటోలో వెళదాం. నీళ్ల సీసా, పవర్ బ్యాంకు, సులభంగా విప్పే చెప్పులు మరిచిపోకు.

ఇట్లు,
మీ మామయ్య