క్వెంకాకి రావాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

రిటైరయ్యాక మీరిద్దరూ ఈక్వెడార్‌కి, మా క్వెంకాకి వచ్చేద్దామనుకుంటున్నారని తెలిసి సంతోషించాం. కానీ వీడియోలు చూసి అమెరికాలో కూర్చునే ఫ్లాట్ కొనేస్తానన్నావే, ఆ పని మాత్రం చెయ్యకు. ముందు ఒక ఏడాది అద్దెకుండండి.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఊరు 2,500 మీటర్ల పైనే ఉంది, ఊటీ కంటే ఎత్తు. నీకు బీపీ ఉంది కాబట్టి డాక్టర్ని అడిగాకే టికెట్ తీసుకో. గ్వాయకిల్‌లో దిగి వ్యాన్‌లో వస్తే, సముద్రమట్టం నుంచి కాహస్ కొండల్లో 4,000 మీటర్లు దాటి మళ్లీ ఊళ్లోకి దిగాలి, అదంతా మూడు నాలుగు గంటల్లోనే, తల దిమ్మెక్కిపోతుంది. మొదటి వారం మెట్లు నెమ్మదిగా ఎక్కండి, మద్యం జోలికి పోకు.

ఏడాదంతా వసంతమే అంటారు చూడు, అది ఎండలో నిలబడ్డవాడి మాట. భూమధ్యరేఖ దగ్గర కదా, టోపీ లేకపోతే చర్మం కమిలిపోతుంది, నీడలోకొస్తే స్వెట్టర్ కావాలి, ఈలోపు వాన. ఇళ్లల్లో హీటింగ్ ఉండదు. అందుకే ఇల్లు చూసేటప్పుడు కిటికీలోంచి తొమెబంబ నది కనిపిస్తుందా అని కాదు, హాల్లోకి ఎండ పడుతుందా అని చూడు, షవర్ తిప్పి వేడినీళ్లు వచ్చేదాకా అక్కడే నిలబడు. 2024లో కరువొచ్చి జలవిద్యుత్తు పడిపోతే రోజుకి 14 గంటల దాకా కరెంటు పోయింది, కాబట్టి పొయ్యి, గీజరు రెండూ గ్యాస్‌వి ఉంటే మేలు.

ఇక వంట. ఇక్కడ నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో పెట్టిన పప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది. మంచి కుక్కర్, రెండు గాస్కెట్లు ఎక్కువే తెచ్చుకోండి, ఇంగువ మర్చిపోవద్దని మీ వదిన మరీ మరీ చెప్పమంది. మిగతా వాటికి ఫెరియా లిబ్రె మార్కెట్ ఉంది: కొత్తిమీర, అరటికాయలు, బొప్పాయి, రకరకాల బంగాళదుంపలు. కొన్నాక యాపా అడిగితే కొసరు వేస్తారు. డాలర్లే చెల్లుతాయి గానీ 50, 100 నోట్లు తీస్తే ఎవరూ ముట్టుకోరు, చిల్లర దగ్గరుంచుకో.

పావలా డాలర్ కోసం గీసి గీసి బేరమాడే రిటైర్డు జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెన్షన్ వీసాకి ఇక్కడి కనీస జీతానికి మూడు రెట్లు నెలనెలా రావాలి. 2025లో ఆ జీతం 470 డాలర్లు, అంటే ఆ ఏడాది లెక్క 1,410 అన్నమాట. ఆ కనీస జీతంతో ఇల్లు నడుపుకునేవాళ్ల ముందు ‘అబ్బ, ఎంత చవకో’ అనకు.

మెడికేర్, అదే అమెరికాలో పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఇక్కడ పనిచెయ్యదు, ఇన్సూరెన్స్ విడిగా చూసుకోవాలి. స్పానిష్ ఇప్పుడే మొదలుపెట్టండి, కనీసం ఎక్కడ నొప్పిగా ఉందో డాక్టరుకి చెప్పుకునేంత. పెన్షన్ లెటరు, పెళ్లి సర్టిఫికెట్లకి అపోస్టీల్ (వేరే దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ ముద్ర) అక్కడే వేయించుకురండి, ఇక్కడికొచ్చాక అది పెద్ద తలనొప్పి.

చూసిపోవడానికైతే జులై, ఆగస్టుల్లో రండి. చలిగాలులు బాగా ఉండేది అప్పుడే, అది తట్టుకుంటామని మరదలు అంటే మిగతా సంగతులు మాట్లాడుకుందాం.