పోర్ఫిరిన్ రంగుల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఒక గెస్ట్ లెక్చర్ విన్నప్పటి నుంచి పోర్ఫిరిన్ అనే రంగు పదార్థాల మీద, అవి లేజర్ కాంతిలో ఎలా పనిచేస్తాయన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఎమ్మెస్సీ కాగానే హైదరాబాద్‌లో ఏదైనా ఫార్మా కంపెనీలో చేరితే బాగుంటుందని మా ఆలోచన. ఈ సబ్జెక్టుకు భవిష్యత్తు ఉందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ముందు అసలు సంగతి చెప్పేస్తానండి. లేజర్ పనుల కోసం పోర్ఫిరిన్లు తయారుచేసేవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చే కంపెనీ మీకు కనిపించదు. అయినా అమ్మాయిని ఆపమని నేను చెప్పను. ఆ అణువులు తయారుచేస్తూ నేర్చుకునే పనికి బయట గిరాకీ ఉంది. కాకపోతే ఫెలోషిప్ లేకుండా మాత్రం చేరనివ్వకండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

తను ఏం చెయ్యాలనుకుంటోందో మీకూ తెలిస్తే ఇంట్లో మాట్లాడుకోవడం తేలికవుతుంది. నైట్రోజన్ ఉండే పైరోల్ అనే చిన్న వలయాలు నాలుగింటిని నాలుగు కార్బన్లు కలిపితే వచ్చే పెద్ద, చదునైన వలయమే పోర్ఫిరిన్. మన రక్తంలోని హీమ్ ఈ కుటుంబానిదే, ఆకుల్లోని క్లోరోఫిల్ దీనికి దగ్గరి చుట్టం. ఎలక్ట్రాన్లు వలయమంతా తేలిగ్గా కదులుతాయి కాబట్టి ఇది కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. మామూలు వెలుతురు రెట్టింపైతే పీల్చుకునేదీ రెట్టింపవుతుంది. లేజర్ అంత తీవ్రమైన కాంతి పడితే ఆ లెక్క తప్పుతుంది. ఒక అణువు రెండు ఫోటాన్లను (కాంతి రేణువులను) ఒకేసారి మింగగలదని భౌతిక శాస్త్రవేత్త మరియా గోపెర్ట్ మేయర్ 1931లోనే సిద్ధాంతం రాశారు. దాన్ని ప్రయోగంలో చూడటానికి లేజర్ రావాల్సి వచ్చింది, 1961లో చూశారు. మామూలు వెలుతురును వదిలేసి ప్రమాదకరమైన లేజర్‌ను మాత్రం అడ్డుకునే ఫిల్టర్లు, కాంతిని కేంద్రీకరించిన చోట మాత్రమే కణాలను చంపే క్యాన్సర్ చికిత్స, ఇలాంటివన్నీ ఈ గుణం మీద ఆధారపడి జరుగుతున్న పరిశోధనలే.

ఇక ఇలాంటి అణువులను డిజైన్ చెయ్యడం అంటే ఏమిటి? లేజర్ పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసే రంగు కావాలనుకోండి. అందరూ ముందుగా తయారుచేసే టెట్రాఫినైల్ పోర్ఫిరిన్ దానికి పనికిరాదు. అన్నివైపులా ఒకేలా ఉండే ఆ సౌష్టవమే అడ్డం. ఒక చివర ఎలక్ట్రాన్లను ఇచ్చే డైమిథైల్ అమైనో గుంపు, ఎదురు చివర వాటిని లాగే నైట్రో గుంపు పెట్టాలి. అది కూడా చాలదు. ఈ గుంపులను మోసే ఫినైల్ వలయం పోర్ఫిరిన్ తలానికి దాదాపు అడ్డంగా నిలబడుతుంది, అక్కడ ఎలక్ట్రాన్ల దారి బాగా బలహీనపడుతుంది. మధ్యలో ఎసిటిలీన్ బంధం పెడితే ఆ దారి తెరుచుకుంటుంది. 1990ల్లో ఈ చిన్న మార్పుతోనే ఆ సామర్థ్యం అమాంతం పెరిగింది. ఇంత చేశాక స్ఫటికంలో ఈ అణువులు తలకిందులుగా జంటలు కట్టి ఒకదాని ప్రభావాన్ని ఒకటి చెరిపేసుకోవచ్చు! అందుకే పాలిమర్ పొరలో కలిపి, విద్యుత్ క్షేత్రంతో అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పుతారు. మీ అమ్మాయికి నచ్చింది ఈ ఆలోచనే అయితే తన ఇష్టం సరైన చోటే పడింది.

అయితే రోజువారీ పని వేరేగా ఉంటుంది. టెట్రాఫినైల్ పోర్ఫిరిన్ కోసం బెంజాల్డిహైడ్, అప్పుడే డిస్టిల్ చేసిన పైరోల్ ప్రొపియోనిక్ యాసిడ్‌లో అరగంట మరిగిస్తే నల్లటి తారులాంటి ద్రవం వస్తుంది. చల్లార్చి, ఫిల్టర్ చేసి, మిథనాల్‌తో కడిగాక ఊదా రంగు స్ఫటికాలు తళుక్కుమంటాయి. దిగుబడి 20 శాతం ఉంటే బాగా వచ్చినట్టే. ఆ యాసిడ్ వాసన ఇంటిదాకా వస్తుంది. ఇది తేలికైన అణువు సంగతి. రెండు వేర్వేరు ఆల్డిహైడ్లు కలిపి మరిగిస్తే ఒకే ఫ్లాస్కులో ఆరు రకాల పోర్ఫిరిన్లు పుడతాయి, మనకు కావాల్సింది అందులో ఒక్కటి. మిశ్రమాన్ని విడదీసే సిలికా కాలమ్ (సిలికా పొడి నింపిన గాజు గొట్టం) మీద ఊదా రంగు పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటూ దిగుతుంటే గంటల తరబడి టెస్ట్ ట్యూబులు మార్చుకుంటూ కూర్చోవాలి. మళ్లీ దానికి జింక్ ఎక్కించి వర్ణపటం తీస్తే, 500 నుంచి 650 నానోమీటర్ల మధ్య ఉన్న నాలుగు చిన్న శిఖరాలు రెండుగా మారిపోతాయి. లోహం లోపలికి వెళ్లిందని అప్పుడు తెలుస్తుంది. ఆ క్షణం చూసి సంబరపడే పిల్ల అయితే ఐదేళ్లు నిలబడుతుంది. లేజర్ ఫొటోలు చూసి మాత్రమే ఇష్టపడితే మొదటి ఏడాదిలోనే విసుగొస్తుంది.

లేజర్ మీద, లెక్కల మీద మక్కువ ఎక్కువైతే వేరే దారులున్నాయి. ఫిజిక్స్ ల్యాబుల్లో జడ్-స్కాన్ చేస్తారు, అంటే నమూనాను లేజర్ నాభి గుండా ముందుకూ వెనక్కీ జరుపుతూ ఎంత కాంతి దాటిందో కొలుస్తారు. కంప్యూటర్ మీద డీఎఫ్‌టీ లెక్కలు (అణువులో ఎలక్ట్రాన్ల తీరును అంచనా వేసేవి) చేసేవాళ్లది ఇంకో దారి. ఆర్గానిక్ చదివిన అమ్మాయికి సింథసిస్ (అణువుల తయారీ) ప్రధానంగా, లెక్కలు తోడుగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. లెక్కల కోసం ఓర్కా సాఫ్ట్‌వేర్ విద్యార్థులకు ఉచితం. ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి.

ఇక ఉద్యోగాలు. సింథసిస్ బాగా వచ్చిన పీహెచ్‌డీలను హైదరాబాద్ ఫార్మా ఆర్ అండ్ డీలు, కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలు తీసుకుంటాయి. కాలమ్ నడపడం, అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్, బరువు తేల్చే మాస్ వర్ణపటాలు చదవడం అన్ని చోట్లా ఒకటే. కాబట్టి మీరు కోరుకునే ఫార్మా దారి మూసుకుపోదు, ఎమ్మెస్సీతో చేరే స్థాయి కంటే పైనుంచి తెరుచుకుంటుంది. ఫొటోఫ్రిన్, వెర్టెపోర్ఫిన్ లాంటి పోర్ఫిరిన్ కుటుంబపు మందులు ఇప్పటికే చికిత్సలో ఉన్నాయి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బి పోస్టులకు గేట్ స్కోరు పనికొస్తుంది, కెమిస్ట్రీ పోస్టులు మాత్రం తక్కువ. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ల మీదే ఆశ పెట్టుకుని పీహెచ్‌డీలో చేరడం నాకు నచ్చదు. అలా ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

డబ్బు సంగతి: సైన్స్ పరిశోధనకు జాతీయ అర్హత పరీక్ష అయిన సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె అలవెన్సు అదనం. అంటే చదువు ఖర్చు మీ మీద పడదు. నెట్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. ఎమ్మెస్సీ అయ్యాక ఒక్క ఏడాది గట్టిగా ప్రయత్నించనివ్వండి. రాకపోతే ఫార్మాలో చేరవచ్చు, ఉద్యోగం చేస్తూనే మళ్లీ రాయవచ్చు. ఈ ఒప్పందం ఇంట్లో ఇప్పుడే చేసుకోండి.

ల్యాబుల కోసం దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ, ఫిజిక్స్ స్కూళ్లు ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి, పోర్ఫిరిన్ల నాన్‌లీనియర్ గుణాల (తీవ్రమైన కాంతిలో ఆ మామూలు లెక్క తప్పే గుణాల) మీద అక్కడి నుంచి చాలా పేపర్లు వచ్చాయి. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో సోలార్ సెల్స్ కోసం పోర్ఫిరిన్ రంగుల మీద పని జరిగింది. కొలతల వైపు వెళ్తే బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

చేరే ముందు గైడ్‌ను, అక్కడి సీనియర్లను అమ్మాయి రెండు సంగతులు అడగాలి. తయారైన అణువును ఎవరు కొలుస్తారు, ఆ లేజర్ పల్స్ (ఒక్కో కాంతి మెరుపు) నానోసెకండ్‌దా (సెకనులో వంద కోట్లో వంతు), దానికంటే ఎంతో చిన్నదైన ఫెమ్టోసెకండ్‌దా? నానోసెకండ్ పల్స్‌లో, అప్పటికే కాంతి పీల్చుకుని ఉత్తేజితమైన అణువులు మళ్లీ పీల్చుకునేది కూడా కలిసి, రెండు ఫోటాన్ల విలువ ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఈ ప్రశ్న అడిగిన విద్యార్థిని గైడ్ గుర్తుపెట్టుకుంటారు. రెండోది, గత బ్యాచ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?

అన్నిటికంటే ముందు, మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. రెండు నెలలు ఇలాంటి ల్యాబ్‌లో కాలమ్ ముందు నిలబడి వచ్చాక తననే అడగండి, ఐదేళ్లు చేస్తావా అని.